2010 ఎన్‌బీఏ ఫైనల్స్ గేమ్ 7: కోబీ 24కి 6... గెలిపించాడా, గట్టెక్కించారా?

ఉప్పల్ కుర్రోడు:
నిన్న రాత్రి నిద్ర పట్టక 2010 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్‌లో లేకర్స్, సెల్టిక్స్ ఏడో మ్యాచ్ మళ్లీ మొత్తం చూశా, లేకర్స్ 83-79తో గెలిచింది. అప్పట్లో మనకి జూన్ 18 శుక్రవారం పొద్దున ఆరున్నరకి మొదలైంది, కాలేజీ బస్సు వదిలేసి మరీ చూసినోణ్ని, అమ్మ ఇడ్లీ పళ్లెం తెచ్చి ముందు పెట్టి పోతే మ్యాచ్ అయ్యేదాకా ముట్టలేదు. అప్పుడు లేకర్స్ కోబీ బ్రయంట్ దేవుడే అనిపించాడు. ఇప్పుడు బాక్స్ స్కోర్ (ఎవరెంత ఆడారో చెప్పే లెక్కల పట్టిక) పక్కన పెట్టుకుని చూస్తే ఏంటిది? 24 షాట్లు వేస్తే 6 పడ్డాయి, త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) 6 వేస్తే ఒక్కటీ పడలా. అదే లేకర్స్‌లో గాసోల్ 19 పాయింట్లు, 18 రీబౌండ్లు (మిస్సయిన షాట్ల బాల్ పట్టడం). ఫైనల్స్ ఎంవీపీ (బెస్ట్ ప్లేయర్ అవార్డు) గాసోల్‌కే ఇవ్వాల్సింది అంటాను. తిట్టేవాళ్లు తిట్టండి, నంబర్లతో తిట్టండి.

మాంబా భక్తుడు:
వచ్చాడండీ ఇన్నేళ్ల తర్వాత పంచాయితీ పెట్టడానికి. ఎంవీపీ ఒక్క మ్యాచ్‌కి ఇస్తారా గురూ, సిరీస్ మొత్తానికి ఇస్తారు. ఏడు మ్యాచ్‌ల్లో కోబీ సగటు 28.6, గాసోల్‌ది 18.6, మరి పది పాయింట్ల తేడా ఎక్కడ దాచావ్? ఇక గేమ్ 7 సంగతి, షాట్ పడట్లేదని మూల కూర్చున్నాడా? రింగ్‌కి దూరంగా ఆడే గార్డ్ అయ్యుండి 15 రీబౌండ్లు పట్టాడు. ఆఖరి క్వార్టర్‌లోనే 10 పాయింట్లు. నీ గాసోల్ ఏమన్నా తక్కువ తిన్నాడా, 16కి 6, ఫ్రీత్రోలు (ఫౌల్‌కి ఇచ్చే ఒక్కో పాయింట్ షాట్లు) 13లో 7.

34 నంబర్ జెర్సీ:
మీరిద్దరూ మీలో మీరు కొట్టుకోండి, నేను సెల్టిక్స్ వైపు కడుపుమంట చెప్పుకుంటా. లేకర్స్‌కి 37 ఫ్రీత్రోలు, మాకు 17. ఒక్క నాలుగో క్వార్టర్‌లోనే వాళ్లకి 21! మూడో క్వార్టర్‌లో 13 పాయింట్లు ముందున్నాం రా బాబూ. పైగా మా సెంటర్ పెర్కిన్స్ గేమ్ 6లో మోకాలు పోగొట్టుకున్నాడు, లోపల రీబౌండ్లు పట్టేవాడే లేడు.

పేపర్ బాయ్:
24 బంతుల్లో 6 పరుగులు చేసి స్లిప్‌లో నాలుగు క్యాచ్‌లు పట్టినోడికి మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ ఇచ్చినట్టుంది 😂

కాకినాడ కోర్టు:
నవ్వులు అయ్యాక కొంచెం లెక్క చూద్దాం తమ్ముళ్లూ, ఇరవయ్యేళ్లుగా పిల్లలకి ఈ ఆటే నేర్పుతున్నా, నాకు ఈ బాక్స్ స్కోర్ దాదాపు నోటికొచ్చు. లేకర్స్ 83 షాట్లకి 27, అంటే 32.5 శాతం. సెల్టిక్స్ 71కి 29, అంటే 40.8. ఫ్రీత్రోలు తీసేసి చూస్తే సెల్టిక్స్ 64, లేకర్స్ 58, ఆరు పాయింట్లు వెనక. ఫ్రీత్రోలు లేకర్స్‌వి 25 పడ్డాయి, సెల్టిక్స్‌వి 15. ఆరు పోయి పది వచ్చె, నాలుగు పాయింట్లతో గెలిచె. మ్యాచ్ మొత్తం ఈ ఒక్క వాక్యంలో ఉంది.

మరి అంత దరిద్రంగా షాట్లు వేసిన టీమ్‌కి అవతలోళ్ల కంటే 12 షాట్లు ఎక్కువ ఎట్టా దొరికాయి? అఫెన్సివ్ రీబౌండ్లు (సొంత టీమ్ మిస్ చేసిన షాట్‌ని మళ్లీ పట్టడం) 23, సెల్టిక్స్‌వి 8. అందులో గాసోల్ ఒక్కడివే 9, అంటే సెల్టిక్స్ టీమంతా కలిసినా అతని కంటే ఒకటి తక్కువ. కాబట్టి ఉప్పల్ తమ్ముడి మాటలో పస ఉంది. జెర్సీ తమ్ముడూ, నీ పెర్కిన్స్ బాధ కూడా ఇక్కడే కలుస్తుంది.

కాకపోతే కోబీ 15 రీబౌండ్లని ఊరికే పొగడకండి, ఊరికే తీసెయ్యకండి కూడా. ఆ సిరీస్‌లో కోబీ సెల్టిక్స్ గార్డ్ రోండోని కాసేవాడు. రోండోకి దూరం నుంచి షాట్ నమ్మకం తక్కువ కాబట్టి అతన్ని బయట వదిలేసి కోబీ లోపలికి జరిగి నిలబడేవాడు. రింగ్‌కి దగ్గర ఉన్నోడి చేతికి బాల్ వస్తుంది. హీరోయిజం కంటే అది ప్లాన్. ప్లాన్ అమలు చెయ్యడం కూడా ఆటే కదా.

ఉప్పల్ కుర్రోడు:
మాస్టారూ దండం 🙏 నేను చెప్పేది కూడా అదే కదా. ఆఖరి నిమిషం చూడండి, 79-76 దగ్గర కోబీ మళ్లీ త్రీ లేపాడు, మిస్, గాసోల్ గాల్లోకి లేచి పట్టి మళ్లీ కోబీకే ఇచ్చాడు, ఫౌల్, రెండు ఫ్రీత్రోలు, 81-76. బాక్స్ స్కోర్‌లో ఆ రెండు పాయింట్లు కోబీ పేరు మీద పడ్డాయి. వండింది ఒకరు, వడ్డించింది ఒకరు.

మాంబా భక్తుడు:
దానికి ముందు ఏం జరిగిందో ఎందుకు మింగేశావ్? నిమిషం మీద ఒక సెకను ఉంది, 76-73, ఇద్దరు మీద పడితే కోబీ తన టీమ్ ఆర్టెస్ట్‌కి ఇచ్చాడు, త్రీ పడింది, 79-73. అసిస్టుల (బుట్టలో పడ్డ షాట్‌కి ఇచ్చిన పాస్‌ల) కాలమ్‌లో కోబీకి ఆ రోజు 2 ఉంటాయి, అందులో ఒకటి అదే. రెండే అని నవ్వుతారు గానీ ఆ ఒక్కటీ ఎంత విలువ చేస్తుందో ఆ కాలమ్ చెప్తదా?

34 నంబర్ జెర్సీ:
ఆర్టెస్ట్ పేరెత్తావ్ కాబట్టి, ఆ మ్యాచ్ హీరో ఎవడంటే అతనే, ఒప్పుకోడానికి కడుపు మండుతున్నా చెప్తున్నా. 20 పాయింట్లు, 5 స్టీల్స్ (అవతలోళ్ల దగ్గర బాల్ లాక్కోవడం), పైగా మా పియర్స్‌ని 15కి 5 దగ్గర ఆపాడు. కోబీ 24కి 6 గురించి ఇంత గోల చేస్తున్నారు, మా రే అలెన్ 14కి 3 సంగతి ఎవరూ ఎత్తరు, గేమ్ 2లో ఎనిమిది త్రీలు వేసినోడే పాపం, రాత్రంతా కోబీ వెంట పరిగెత్తి కాళ్లు పడిపోయాయి. అంటే కోబీ కష్టపడ్డాడు, అలెన్‌ని కష్టపెట్టాడు కూడా, ఇది ఏ కాలమ్‌లో రాస్తారు?

ఉప్పల్ కుర్రోడు:
సరే బాబూ, ఎంవీపీ మాట వెనక్కి తీసుకుంటున్నా, సిరీస్ సగటు చూస్తే కోబీదే. కానీ గేమ్ 7 వరకూ నా ఓటు గాసోల్‌కే, మార్చేది లేదు. ఆర్టెస్ట్ రెండో స్థానం.

మాంబా భక్తుడు:
సగం దారికొచ్చావ్, మిగతా సగం వచ్చే వారం చూసుకుందాం.

34 నంబర్ జెర్సీ:
రోండో 14 పాయింట్లు, 8 రీబౌండ్లు, 10 అసిస్టులు. మీరు బయట వదిలేసిన రోండోనే. 16 సెకన్లు ఉన్నాయనగా త్రీ వేసి 81-79 చేసింది కూడా వాడే. దాని మీద ఎవడైనా థ్రెడ్ వేస్తాడేమో అని అప్పట్నుంచీ చూస్తున్నా.