కినోవా గిరాకీ సాలినాస్ ఊరికి మేలు చేసిందా, చెరుపు చేసిందా?

సీమరైతుబిడ్డ: బొలీవియాలో సాలినాస్ దె గార్సి మెండోసా అని చిన్న ఊరుంది, ఉయుని ఉప్పుమైదానం పక్కన, 3,500 మీటర్ల ఎత్తుకు పైన. కినోవా అనే చిరుగింజల పంటకు రాజధాని అంటారు. ముందు కొండవాలుల్లో చేత్తో విత్తుకునేటోళ్ళు, కింద మైదానంలో లామాల (ఒంటెజాతి పశువుల) మందలు మేసేవి. ట్రాక్టర్లొచ్చినాయి, విదేశాల్లో గిరాకీ పెరిగింది, మేత భూములు దున్నేసినారు, లామాలు తగ్గినాక పెంట ఎరువూ తగ్గె, ఇసుకనేల గాలికి ఎగిరిపోతాంది. ఇది మేలా?

లక్ష్మి_హ్యూస్టన్: 2013ని ఐరాస కినోవా సంవత్సరం అంది కదండీ, దానికి ముందు కొన్నేళ్ళలోనే ధర దాదాపు మూడింతలైంది. అంత చలిలో వాళ్ళకి ఇంకేం పండుతుంది?

సీమరైతుబిడ్డ: వాళ్ళ పంట వాళ్ళే కొనుక్కోలేని రేటు అది.

లక్ష్మి_హ్యూస్టన్: అందరూ ఇదే మాట. పండించేవాళ్ళు కొనుక్కోరండీ, ఇంటికి ఉంచుకుని మిగతాది అమ్ముతారు. పక్క దేశం పెరూలో కుటుంబాల ఖర్చుల లెక్కలు తీస్తే ధర పెరిగినప్పుడు వాళ్ళ పరిస్థితి మెరుగైందనే తేలింది.

బుజ్జి99: నేను వండితే చేదొచ్చింది, ఎందుకు?

పల్లెగాలి: గింజ మీద సపోనిన్ అని సబ్బులా నురగొచ్చే చేదు పొర ఉంటది, నురగ పోయేదాకా కడుగు తమ్ముడూ.

సీమరైతుబిడ్డ: లెక్కలు నాకు చెప్పొద్దక్కా. మా అనంతపురంలోనూ కినోవా వేయమన్నారు, మా నాయన రెండెకరాలు వేసినాడు, మొత్తం కొంటానన్న వ్యాపారి కోతలయినాక ఫోనే ఎత్తలా. ఆ బస్తాలు ఇంకా మా కొట్టంలోనే ఉండాయి. మీరు ప్యాకెట్ కొని తింటారు, మీకేం తెలుస్తది!

లక్ష్మి_హ్యూస్టన్: మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే, కానీ దానికి నేను తినడం తప్పెలా అవుతుందండీ? నేనూ మిర్చి రైతు కూతుర్నే.

పల్లెగాలి: ఇద్దరూ కాస్త నిదానించండి.

సీమరైతుబిడ్డ: తినొద్దని నేనెప్పుడన్నా? ధర పడితే నష్టం ఎవరిదీ అంటాన్నా. పెరూ వాళ్ళు సముద్రతీరంలో కూడా వేసి 2014లో బొలీవియాని దాటిపోయినారు, 2015కల్లా ధర కూలింది. కొనేటోళ్ళకు ఏం పోలా, సాలినాస్‌లో దున్నిన మేత భూమి తిరిగి మొలవాలంటే ఏళ్ళు పడతాది.

లక్ష్మి_హ్యూస్టన్: ఈ ముక్క మొదటే అనుంటే ఒప్పుకునేదాన్ని. అందుకే బొలీవియా రైతులు 1983లోనే అనప్కీ అని సొంత రైతుసంఘం పెట్టుకున్నారు, అందరూ కలిసి అమ్ముకోడానికి.

సీమరైతుబిడ్డ: మా ఊర్లో అట్లాంటిది లేదక్కా. ఎవరికి వాళ్ళం పోయి ఆ వ్యాపారి గడపలో నిలబడినాం.