వింతల్ మేనఁ జరించనప్పుడె: వింతలా, వంతలా?

మాధవి: ధూర్జటి కాళహస్తీశ్వర శతకంలో "దంతంబుల్ పడనప్పుడే" పద్యం ఉంది కదా, పళ్ళు ఊడకముందే, ముసలితనం రాకముందే, జుట్టు తెల్లబడకముందే శివుణ్ణి తలచుకోవాలని. అందులో మూడో పాదం, "వింతల్ మేనఁ జరించనప్పుడె కురుల్ వెల్వెల్ల గానప్పుడే", మొదటి మాట తొలిచేస్తోంది. వింతల్ అనా, వంతల్ (బాధలు) అనా? మా అక్కకి మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్., మెదడునీ వెన్నుపామునీ దెబ్బతీసే నరాల జబ్బు), యాభై దాటింది. ఈమధ్య ఎంఆర్ఐ రిపోర్టులో మెదడు కొంత కుంచించుకుపోయిందని రాశారు. ఇది రోగమా, వయసా అని ఒకటే టెన్షన్ పడుతోంది. రెండో పాదంలోనే "జరాక్రాంతంబు గానప్పుడే" అని ముసలితనం సంగతి చెప్పేశాడు కదా, మళ్ళీ ఈ వింతలు విడిగా ఎందుకు?

సుబ్రహ్మణ్యం: వంతల్ కుదరదమ్మా. శార్దూల వృత్తం కదా, పాదం మొదటి అక్షరంతో పదమూడో అక్షరం కలవాలి, అదే యతి. ఇక్కడ పదమూడోది "వెల్వెల్ల"లో వె. వి-వె యతి చెల్లుతుంది, వ-వె చెల్లదు. ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, మాత్రం రెండు మాటలకీ సరిపోతుంది, అందుకే చెవి మోసపోతుంది.

రఘు: యతి సరే, అర్థం సంగతేమిటి? నా లెక్కలో వింతలంటే ముసలితనపు వికారాలే, ముడతలూ వణుకూ. పళ్ళు, జర, వింతలు, తెల్లజుట్టు, అన్నీ ఒకటే సంగతి. విడదీస్తే పద్యం చెడుతుంది.

లలిత: విడదీయాల్సిందే రఘు గారూ, నేను న్యూరాలజీలో పనిచేస్తాను, ఈ ప్రశ్న రోజూ ఎదురవుతుంది. ఏ రోగమూ లేనివాళ్ళకి కూడా మెదడు పరిమాణం ఏడాదికి 0.1 నుంచి 0.3 శాతం దాకా తగ్గుతుంది, అరవై దాటాక ఇంకాస్త ఎక్కువ. మందులు వాడని ఎం.ఎస్.లో అది 0.5 నుంచి 1.35 శాతం దాకా ఉంటుందని లెక్క. పాతికేళ్ళ మనిషిలో ఆ తరుగు చాలావరకు రోగానిదే, ఎందుకంటే వయసు వాటా అప్పటికి చాలా చిన్నది. వయసు పెరిగేకొద్దీ రోగం వాటా తగ్గుతుంది, వయసు వాటా పెరుగుతుంది. కాబట్టి మాధవి గారి అక్కగారి రిపోర్టులో కనిపించిన తరుగునంతా రోగం ఖాతాలో రాసెయ్యడం తప్పు. స్కాన్ మొత్తం తరుగుని చూపిస్తుంది, అందులో ఎవరి వాటా ఎంతో విడదీసి చెప్పదు. పైగా మందు మొదలెట్టిన తొలి నెలల్లో వాపు తగ్గి మెదడు చిన్నదైనట్టు కనిపించొచ్చు, అక్కడ కణాలు పోయినట్టు కాదు. ఒంట్లో నీరు తగ్గినా కొలత మారుతుంది. ఒక్క స్కాన్ పట్టుకుని భయపడొద్దని చెప్పండి, ఆవిడని చూసే డాక్టరు పాత స్కాన్‌లతో పోల్చి, ఆ వయసుకి మామూలుగా ఉండే తరుగుని దృష్టిలో పెట్టుకుని చెప్పాలి.

ఇక "చరించు" దగ్గర ఆగండి. ముడతలు చరించవు, వచ్చిన చోటే ఉంటాయి. ఎం.ఎస్.లో తిమ్మిర్లు ఒకసారి కాల్లో, ఇంకోసారి చేతిలో, మెడ వంచితే వెన్నులోంచి కరెంటు పాకినట్టు. ధూర్జటికి ఈ రోగం తెలుసని నేననను, దీన్ని విడిగా గుర్తించి వర్ణించింది 1868లో షార్కో. కానీ ఒంట్లో తిరిగే, పేరు తెలియని బాధకి "వింత" కంటే మంచి మాట నాకు దొరకలేదు.

రఘు: చరించు అంటే వ్యాపించు, కలుగు అని కూడా చెప్పుకోవచ్చు. ముడతలు వ్యాపించవా?

సుబ్రహ్మణ్యం: లలిత గారి పక్షానికి ఇంకో ఆధారం ఉంది. ధూర్జటిదే కాళహస్తి మాహాత్మ్యంలో నత్కీరుడనే కవి శివుడి పద్యాన్నే తప్పుపట్టి, శాపంతో కుష్ఠు తెచ్చుకుంటాడు. రోగాన్ని రోగమని చెప్పడానికి వెనకాడే కవి కాదు. ఇక్కడ వింతలన్నాడంటే పేరు పెట్టలేనివే ఉద్దేశం. ధూర్జటి పలుకులకి ఆ "అతులిత మాధురీ మహిమ" ఎక్కడిదని కృష్ణదేవరాయల సభలో అడిగినట్టు చాటువు (జనం నోట నిలిచిన విడి పద్యం) ఊరికే పుట్టలేదు.

రఘు: చాటువుని సాక్ష్యానికి తేకండి గురువుగారూ. నత్కీరుడిది కథ, అక్కడ రోగానికి పేరుంటేనే కథ నడుస్తుంది. శతకం ఆత్మనివేదన, దాని పద్ధతి వేరు.

మాధవి: లలిత గారూ, మీరు రాసింది అక్కకి చదివి వినిపించాను. పాత స్కాన్‌లన్నీ వెతుకుతోంది. కానీ జర ముందు, వింతలు తర్వాత అన్న వరస ఎందుకో ఇంకా ఎవరూ చెప్పలేదు.

శ్రీలక్ష్మి: వరస ప్రాస కోసం, అంతే. నాకు మాత్రం సుబ్రహ్మణ్యం గారు ఆధారం చేసుకున్న "వెల్వెల్ల" మీదే పట్టింపు. మా ఇంట్లో అందరం "వెల్లెల్ల" అనే చదివేవాళ్ళం. యతి రెంటికీ చెల్లుతుంది, గణాలూ మారవు. ఇప్పుడేమంటారు?

సుబ్రహ్మణ్యం: వెల్వెల్లే. "తెల్తెల్ల" అన్నట్టు.