9 నెలల పాప ఇంకా కూర్చోవట్లేదు: కేర్ ప్లాన్‌లో ‘వికాసం ఆలస్యం’ అని రాయొచ్చా?

నర్సింగ్ విద్యార్థిని:
అందరికీ నమస్తే. పిల్లల వార్డు పోస్టింగ్‌లో ఉన్నాను. కేస్ స్టడీకి నాకు ఇచ్చిన పాపకి సరిగ్గా 9 నెలలు. దగ్గు, ఆయాసంతో చేరింది, ఇప్పుడు తగ్గింది. బరువు 6.4 కిలోలు, పుట్టినప్పుడు 1.7 కిలోలు. రెండు చేతులూ ముందుకు ఆనించి కాసేపు కూర్చుంటుంది, చేతులు తీస్తే పక్కకి ఒరిగిపోతుంది. బొమ్మని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటుంది. దోగాడదు.

8 నెలలకే ఆసరా లేకుండా కూర్చోవాలని చదువుకున్నాం. బరువు చార్టులో చూస్తే మైనస్ 2 గీత (దీని కింద ఉంటే తక్కువ బరువు అని లెక్క) కింద పడింది. మరి పుట్టిన బరువుకి మూడున్నర రెట్లు దాటింది కదా, ఏడాదికి మూడు రెట్లయితే చాలంటారే! ఇంతకీ ఈ పాప పెరుగుదల ఎక్కువా, తక్కువా? ఏమీ తోచక కేర్ ప్లాన్‌లో (బిడ్డకి ఏ సంరక్షణ ఇవ్వాలో రాసే కాగితం) ‘పెరుగుదల, వికాసం ఆలస్యం’ అని రాసేశాను. రేపు మేడమ్‌కి చూపించాలి. టెన్షన్‌గా ఉంది.

స్టాఫ్ నర్సు, పిల్లల వార్డు:
ముందు ఒకటి చెప్పమ్మా. 1.7 కిలోలంటే పాప నెలలు నిండకుండా పుట్టి ఉండాలి. ఎన్నో వారంలో పుట్టింది?

నర్సింగ్ విద్యార్థిని:
కేస్ షీట్ మళ్ళీ చూశాను అక్కా. 32 వారాలకి.

స్టాఫ్ నర్సు, పిల్లల వార్డు:
నీ చిక్కుముడి అక్కడే ఉంది. 40 వారాలకి 8 వారాలు తక్కువ. అంటే సుమారు 2 నెలలు. పుట్టిన తేదీ నుంచి లెక్కేసిన 9 నెలల్లోంచి ఆ 2 తీసెయ్. మిగిలిన 7 నెలలు పాప కరెక్టెడ్ ఏజ్. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకి 2 ఏళ్ళు వచ్చేదాకా బరువైనా, పొడవైనా, తల చుట్టుకొలతైనా, ఆటపాటలైనా ఈ వయసుతోనే పోల్చాలి.

ఇప్పుడు చార్టు మళ్ళీ తియ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఆడపిల్లల చార్టులో 9 నెలలకి మైనస్ 2 గీత 6.5 కిలోల దగ్గర ఉంటుంది. అందుకే పాప కింద పడినట్టు కనిపించింది. 7 నెలలకి అదే గీత 6 కిలోలు. ఇప్పుడు పాప గీతకి పైనే ఉంది. బొద్దుగా ఉందని కాదు, కానీ ‘తక్కువ బరువు’ అని రాయడానికి లేదు.

5 నెలలకి రెండింతలు, ఏడాదికి మూడింతలు అనే లెక్క నెలలు నిండి, సుమారు 3 కిలోలతో పుట్టిన బిడ్డలకి. 1.7 కిలోలకి దాన్ని వాడితే నీకు వచ్చినట్టే వింత జవాబు వస్తుంది. గుర్తుపెట్టుకోవడానికి తేలిక కాబట్టి అందరం దాన్నే పట్టుకుంటాం. వార్డులో మాత్రం చార్టునే నమ్ము. అదీ ఒక్క చుక్క చూసి కాదు. టీకా కార్డులో పాత బరువులు ఉంటే అవన్నీ వేసి, గీత వెంబడే పైకి వెళ్తోందా, చదునుగా సాగుతోందా చూడు. మొన్నటి జబ్బుకి కాస్త బరువు తగ్గి ఉండొచ్చు కూడా.

మరో విద్యార్థి:
అయితే టీకాలు కూడా 2 నెలలు వెనక్కి జరపాలా అక్కా?

స్టాఫ్ నర్సు, పిల్లల వార్డు:
వద్దు! చాలామంది ఇక్కడే పొరబడతారు. టీకాలకి పుట్టిన తేదీయే లెక్క. పుట్టినప్పుడు బరువు మరీ తక్కువగా ఉంటే ఏదైనా టీకా వాయిదా వెయ్యాలా అన్నది డాక్టరు చెప్తారు. అది వేరే సంగతి.

ట్యూటర్:
సిస్టర్ పెరుగుదల సంగతి చెప్పేశారు, వికాసం సంగతి నేను చెప్తాను. రెండూ ఒకటి కాదు. టేపుతో, తూకంతో కొలవగలిగేది పెరుగుదల. బిడ్డ ఏం చేయగలుగుతోంది అన్నది వికాసం. ఒకటి బాగుండి ఇంకోటి వెనకపడొచ్చు. కాబట్టి ‘పెరుగుదల, వికాసం’ అని ఒకే గాట కట్టకుండా, విడివిడిగా రాయండి.

7 నెలల లెక్కన ఈ పాపని చూద్దాం. చేతులు ముందుకు ఆనించి కూర్చోవడం ఈ వయసుకి తగినదే. బొమ్మని చేయి మార్చుకోవడం సుమారు 6 నెలలకి వచ్చే పని, అదీ వచ్చేసింది. దోగాడటానికి ఇంకా టైముంది. అసలు దోగాడకుండా నేరుగా లేచి నిలబడే పిల్లలూ ఉంటారు, దాన్నొక్కదాన్నీ పట్టుకుని కంగారు పడక్కర్లేదు.

వికాసం తల నుంచి కాళ్ళ వైపుకి, ఒంటి మధ్య నుంచి కొసలకి సాగుతుందని చదివారు కదా. దాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేస్తారు. మంచం పక్కన అదే మీకు దారి చూపిస్తుంది. మెడ నిలిచిందా, తర్వాత నడుము నిలుస్తోందా, ఆ తర్వాతే కాళ్ళు. చేతుల్లో ముందు భుజం, తర్వాత గుప్పిలి, చివరికి బొటనవేలు, చూపుడువేలు కలిపి గింజంత వస్తువు తీయడం. ఆ చివరిది 9, 10 నెలలకి వస్తుంది. మీ పాప గుప్పిట్లోకి లాక్కుంటోందంటే అది ఆలస్యం కాదు. మెడే నిలవకుండా కాళ్ళు బిగుసుకుని నిలబడుతుంటే మాత్రం ఊరుకోకూడదు.

ఇంకో మాట. మీరు పాపని ఎప్పుడు చూశారు? నెబ్యులైజర్ (మందుని పొగలా పీల్పించే యంత్రం) పెట్టిన వెంటనేనా?

నర్సింగ్ విద్యార్థిని:
అవును మేడమ్. అప్పుడే నాకు టైం దొరికింది. నన్ను చూడగానే ఏడుపు అందుకుంది.

ట్యూటర్:
ఏడవదూ మరి! 6 నుంచి 8 నెలల మధ్య కొత్త ముఖాలంటే భయం మొదలవుతుంది. అది కూడా వికాసమే, అమ్మకీ కొత్తవాళ్ళకీ తేడా తెలిసిందన్నమాట. రేపు పాలు తాగి, నిద్ర తీరి హుషారుగా ఉన్నప్పుడు వెళ్ళండి. పాపని ఎత్తుకోకండి, అమ్మ ఒడిలోనే ఉండనివ్వండి. ముందు అమ్మతో మాట్లాడండి, పాప మీ వైపు చూసి కుదుటపడ్డాక ఒక బొమ్మ అందించండి. ఇంట్లో ఏమేం చేస్తుందో అమ్మని అడిగి ‘తల్లి చెప్పినది’ అని విడిగా రాయండి. ఒంట్లో బాగోని బిడ్డ వార్డులో చేయనంత మాత్రాన చేతకాదని కాదు.

మనస్తత్వవేత్త ఎరిక్సన్ పసిబిడ్డల గురించి చెప్పిన ‘నమ్మకం, అపనమ్మకం’ దశ గురించి కేర్ ప్లాన్‌లో రాయమంటారు కదా. పేరు రాసి వదిలేయకండి. ఏడ్చిన వెంటనే పలకడం, వీలైనంత వరకు ఒకే నర్సు చూడటం, సూది వేసేటప్పుడు పాపని పట్టుకునే పని అమ్మకి అప్పగించకుండా, అయిన వెంటనే అమ్మ చేతికి ఇవ్వడం. మీరు చేసే పనులు ఇవి, ఇవే రాయండి.

స్టాఫ్ నర్సు, పిల్లల వార్డు:
తల చుట్టుకొలత రాయలేదేం? నెలలు నిండని బిడ్డకి అది తప్పనిసరి. సాగని టేపు తీసుకో. ముందు కనుబొమల పైనుంచి, వెనక తల బాగా ఉబ్బుగా ఉండే చోటు మీదుగా చుట్టు. మూడుసార్లు కొలిచి పెద్ద అంకె రాయి. జుట్టు పిలకలు, క్లిప్పులు తీసెయ్. మాడు (నడినెత్తిన మెత్తగా ఉండే చోటు) కూడా తాకి చూడు, పాప ఏడవనప్పుడు, కూర్చున్నప్పుడు. ఏడిస్తే ఎవరికైనా ఉబ్బుతుంది.

మరో విద్యార్థి:
మరి నిజంగా భయపడాల్సింది ఎప్పుడు?

ట్యూటర్:
3 నెలలకి కూడా ముఖం చూసి నవ్వకపోతే, 5 నెలలకి మెడ నిలవకపోతే, 18 నెలలకి నడవకపోతే, 2 ఏళ్ళకి రెండు మాటలు కలిపి అనకపోతే డాక్టరుకి చెప్పాలి. ఏడాదిలోపే ఒక్క చేతినే వాడుతూ రెండోది వదిలేస్తున్నా చెప్పాలి. ‘ఎడమచేతి వాటమేమో’ అని సరిపెట్టుకోకూడదు, అది రెండో చేతి బలహీనత కావచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, వచ్చిన పని పోవడం. నిన్నటిదాకా అన్న మాటలు అనడం మానేసినా, కూర్చునే బిడ్డ కూర్చోలేకపోతున్నా, ఏ వయసులోనైనా అదే రోజు చెప్పండి.

స్టాఫ్ నర్సు, వేరే ఆసుపత్రి:
ఆ చివరి దానికి ఒక మెలిక ఉంది మేడమ్. వార్డులో చేరాక పక్క తడపడం, సీసా అడగడం లాంటివి 2, 3 ఏళ్ళ పిల్లల్లో మామూలే. ఇంటికెళ్ళాక సర్దుకుంటాయి. మేం దాన్ని తిట్టవద్దని తల్లిదండ్రులకి చెప్తాం.

నా తప్పు ఒకటి చెప్తాను. కొత్తగా చేరిన రోజుల్లో 2 ఏళ్ళ బాబు ఒకడు రెండు రోజులు అమ్మ కోసం గుక్కపట్టి ఏడ్చి, మూడో రోజు మౌనంగా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ‘సర్దుకున్నాడు, సహకరిస్తున్నాడు’ అని నోట్స్‌లో రాశాను. మా ఇన్‌ఛార్జి చదివి, అది సర్దుకోవడం కాదు, ఏడ్చినా అమ్మ రాదని ఆశ వదులుకోవడం అన్నారు. అమ్మకి దూరమైన బిడ్డలో ముందు గోల, తర్వాత నిరాశ, ఆ పైన పట్టనట్టు ఉండిపోవడం. చదివిందే, కళ్ళముందు జరిగితే పోల్చుకోలేకపోయాను. అమ్మ వచ్చాక ఎత్తుకోబోతే ముఖం తిప్పుకున్నాడు. అప్పటినుంచి మౌనంగా ఉన్న బిడ్డ దగ్గరికే ముందు వెళ్తాను.

నర్సింగ్ విద్యార్థిని:
ఇవాళ ఉదయం పాలు తాగాక వెళ్ళాను. తల 42 సెంటీమీటర్లు, 7 నెలల లెక్కన మధ్య గీతకి కొంచెం కింద. మాడు మెత్తగా, సమంగా ఉంది. టీకా కార్డులో మూడు పాత బరువులు దొరికాయి, కరెక్టెడ్ ఏజ్‌తో వేస్తే గీత వెంబడే ఎక్కుతోంది. అమ్మ ఒడిలో ఉంటే నా గడియారం లాక్కోబోయింది! ‘కరెక్టెడ్ ఏజ్‌కి తగిన పెరుగుదల, వికాసం, నెలలు నిండకుండా పుట్టినందున ఆలస్యమయ్యే అవకాశం, క్రమం తప్పకుండా చూడాలి’ అని మార్చాను. సరేనా?

స్టాఫ్ నర్సు, పిల్లల వార్డు:
బాగుంది. పక్కనే పుట్టిన తేదీ ప్రకారం వయసు కూడా రాయి, లేకపోతే టీకా వేసేవాళ్ళు తికమకపడతారు.