రంగం నుంచి వచ్చిన ట్రంకు పెట్టె: పౌరసత్వ నియమాలకూ దేశ సంపదకూ సంబంధం ఏమిటి?

ప్రశ్న: అంబాజీపేట పాఠకురాలు

అందరికీ నమస్కారం. మా ఇంటి చరిత్రలోంచి పుట్టిన ఒక సందేహాన్ని మీ ముందు ఉంచుతున్నాను. ఆర్థిక విషయాలు తెలిసిన పెద్దలు వివరంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

మాది పాత మండువా లోగిలి. స్తంభాలూ వీధి తలుపులూ బర్మా టేకువి. మా ముత్తాతగారు బర్మాలోని రంగంలో (రంగూన్ నగరంలో) సంపాదించి పంపిన డబ్బుతో కట్టిన ఇల్లు అది. తాతగారు రంగంలోనే పుట్టి, అక్కడే బట్టల కొట్టు నడిపి, 1964లో అక్కడి ప్రభుత్వం దుకాణాలను స్వాధీనం చేసుకున్నాక నానమ్మనూ ముగ్గురు పిల్లలనూ వెంటబెట్టుకుని ఓడెక్కి వచ్చేశారు. తెచ్చుకోగలిగింది ఒక రేకు ట్రంకు పెట్టె మాత్రమే. అది ఇప్పటికీ మా అటక మీద ఉంది.

ఈ తరంలో మా వదిన 14 ఏళ్ళుగా కువైట్‌లో ఒకరి ఇంట్లో పని చేస్తోంది. ఆమె అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, ఆ యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. ఆయన సరేనంటేనే ఉండటం, కాదంటే తిరిగి రావడం. ఇంకో 14 ఏళ్ళు ఉన్నా ఆమె ఆ దేశపు మనిషి కావడం కుదరదు.

నీరూ నేలా కష్టపడే మనుషులూ ఉంటే దేశం దానంతట అదే బాగుపడుతుందని మా మేనమామగారు అంటారు. అలాగైతే మన గోదావరి లాంటి ఐరావతి, మన లంకల లాంటి ఒండ్రు నేల ఉన్న బర్మా ఎందుకు చితికిపోయింది? పరాయివారిని వెళ్ళగొట్టడం వల్ల బర్మా చెడిందని అనుకుందామంటే, పరాయివారికి సాధారణంగా పౌరసత్వం ఇవ్వని కువైట్ ఎందుకు చెడలేదు? ఈ రెండింటినీ ఒకే సూత్రంతో చెప్పడం కుదురుతుందా?

జవాబు: రాజమహేంద్రవరం, విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు

అమ్మా, మీ మేనమామగారి మాటను మన డెల్టాయే కాదంటుంది. 1833 కరువులో జనం మాడిపోయిన నాడు కూడా గోదావరి ఇక్కడే ఉంది, నేల ఇదే, రైతూ ఇతడే. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తి కావడానికి కాటన్ దొర నదితో ఎంత పోరాడారో, డబ్బు మంజూరు చేయవలసిన పైవాళ్ళతోనూ అంత పోరాడవలసి వచ్చింది. నీళ్ళు నిలిచింది రాతికట్టు వల్లనే అయినా, ఆ రాయి పడింది ఒక ప్రభుత్వ నిర్ణయం వల్ల. కాబట్టి నీరూ నేలా చాలవు. వాటిని కూడగట్టే విధానం కావాలి.

అదే 1852లో ఆంగ్లేయులు దిగువ బర్మాను ఆక్రమించుకున్నారు. అక్కడి అడవులను కొట్టి వరి పొలాలు చేయడానికి నేల అపారంగా ఉంది, కోతకూ మిల్లుకూ రేవుకూ మనుషులు చాలరు. కాకినాడ, కోరంగి రేవుల నుంచి మనవాళ్ళు ఎంతగా వెళ్ళారంటే, అక్కడ తెలుగువారికి ‘కోరంగీలు’ అన్న పేరే స్థిరపడింది. 1931 జనాభా లెక్కల నాటికి రంగం నగరంలో సగానికి పైగా భారతీయులే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బర్మా ఏటా 30 లక్షల టన్నుల దాకా బియ్యం ఎగుమతి చేసేది. ప్రపంచంలో అంత బియ్యం అమ్మిన దేశం మరొకటి లేదు.

ఇప్పుడు నియమాల సంగతి చూడండి. 1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుంచి వేరు చేశారు. అంతకు ముందురోజు దాకా మీ ముత్తాతగారు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్ళిన మనిషి. ఆ మర్నాటికి పరదేశంలో ఉన్న మనిషి. ఆయన కదలలేదు, గీత కదిలింది. 1948 పౌరసత్వ చట్టం చాలాకాలంగా ఉంటున్నవారికి దరఖాస్తు పెట్టుకునే వీలు ఇచ్చింది. కానీ ఊళ్ళో పొలమూ అన్నదమ్ములూ ఉన్నవారు ఎందుకులే అనుకున్నారు, పెట్టుకున్నవారిలో చాలామందికి కాగితం చేతికి రాలేదు. 1962 మార్చిలో సైన్యాధిపతి నె విన్ అధికారం చేజిక్కించుకున్నాక బ్యాంకులు, బియ్యపు వ్యాపారం, చివరకు వీధి దుకాణాలు కూడా వరుసగా ప్రభుత్వపరమయ్యాయి. 1964 మే నెలలో 50, 100 చాట్ల (చాట్ అంటే బర్మా డబ్బు) నోట్లు చెల్లవన్నారు. ఆ కొన్నేళ్ళలో దాదాపు 3 లక్షల మంది భారతీయులు వెనక్కి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేటకు ఆ పేరు అలా వచ్చిందే.

వాళ్ళతో పాటు ఆ దేశం నుంచి పోయినదేమిటన్నది అసలు విషయం. ధాన్యం చూసి తేమ చెప్పగలిగినవాడు, మరపట్టించేవాడు, కోతలదాకా అప్పు పెట్టేవాడు, ఏ రేవులో ఏ ధర పలుకుతుందో తెలిసినవాడు అందరూ ఒకేసారి లేచిపోయారు. వారి స్థానంలో ప్రభుత్వం ఒక్కటే కొనుగోలుదారుగా నిలిచి తక్కువ ధర కట్టింది. దాంతో పౌరసత్వం నిక్షేపంగా ఉన్న బర్మా రైతు కూడా తన తిండికి సరిపడా పండించి ఊరుకున్నాడు. 1960ల చివరికి బియ్యం ఎగుమతులు 10 లక్షల టన్నులకు లోపే. 1987లో ఐక్యరాజ్యసమితి ఆ దేశాన్ని అత్యంత వెనుకబడిన దేశాల జాబితాలో చేర్చింది. పరాయివాణ్ణి భయపెట్టిన ప్రభుత్వమే సొంతవాణ్ణీ భయపెట్టింది. ఆ రెండు భయాలనూ విడదీసి లెక్కకట్టడం నా వల్ల కాదు.

కువైట్ దారి వేరు. 1946లో తొలి చమురు ఓడ బయలుదేరినప్పటి నుంచి ఆ దేశపు సంపద భూమిలోంచి వస్తోంది. తవ్వి తీసే సంపదకు పనివాడి మనసు కుదురుగా ఉండనక్కరలేదు. జీతం ఇస్తే చాలు. మనుషుల నేర్పు మీదా, పొదుపు మీదా, నమ్మకం మీదా పెరిగే సంపద అలా రాదు. కువైట్ తెలివైన పని ఇంకొకటి చేసింది: 1953లోనే మిగులు డబ్బును మదుపు పెట్టడానికి లండన్‌లో ఒక సంస్థను పెట్టింది, 1976 నుంచి రాబడిలో పదో వంతును భావితరాల నిధికి తీసిపెట్టింది. అయితే జనాభాలో మూడింట రెండు వంతుల మంది పరదేశీయులు, వారిలో చాలామందికి అక్కడ ఇల్లు కొనుక్కునే వీలు లేదు. అందుకే మీ వదినగారి జీతం అక్కడ గోడ కాకుండా కోనసీమలో డాబా అవుతోంది. 2022లో మన దేశానికి ప్రవాసులు పంపిన సొమ్ము 10,000 కోట్ల డాలర్లు దాటింది. మనకు వచ్చిన ఆ సొమ్మంతా పనిచేసిన చోట నిలవని సొమ్మే. ఈ నష్టం తెలిసే యూఏఈ 2019 నుంచి నిపుణులకూ మదుపుదారులకూ దీర్ఘకాలపు వీసాలు ఇస్తోంది. ఇళ్ళల్లో పనిచేసేవారి దాకా ఆ గాలి ఇంకా రాలేదు.

జవాబు: కాకినాడ

మాస్టారి వివరణతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక్క మాట చేర్చాలి. బర్మావారి బాధను పక్కన పెట్టి ఈ కథ చెప్పకూడదు. 1930 దశకపు మాంద్యంలో ధాన్యం ధర పడిపోయి, అప్పులు తీర్చలేని రైతుల భూములు వడ్డీ వ్యాపారుల పరమయ్యాయి. ఆ దశకం ముగిసేనాటికి దిగువ బర్మాలోని ప్రధాన వరి జిల్లాల్లో సుమారు నాలుగో వంతు సాగుభూమి తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతిలో ఉంది. 1930 మే నెలలో రంగం రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే ఓడల కంపెనీలు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె తీరగానే వారిని పొమ్మన్నాయి. ఆ రోజు రాజుకున్న కొట్లాటలో ఎందరో మనవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కూలి తగ్గించుకున్నది కంపెనీలు, తన్నుకున్నది ఇద్దరు పేదలు. వచ్చినవాడికి చోటు ఇవ్వడమూ, ఉన్నవాడి భూమిని కాపాడటమూ ఒకే ప్రభుత్వం ఒకేసారి చేయవలసిన పనులని నా అభిప్రాయం. మొదటిదాన్ని పట్టించుకుని రెండోదాన్ని వదిలేస్తే, పాతికేళ్ళకైనా ఎవరో ఒక సైన్యాధిపతి ఆ కోపాన్ని వాడుకుంటాడు.

మలయా (నేటి మలేషియాలో భాగం) సంగతి పోల్చి చూడదగ్గది. 1957లో స్వతంత్రం వచ్చినప్పుడు అక్కడి భారతీయుల్లోనూ చైనీయుల్లోనూ చాలామందికి పౌరసత్వం దక్కింది. మలయ్‌లకు ప్రత్యేక హక్కులు రాజ్యాంగంలోనే రాసుకున్నారు, దాని మీద ఫిర్యాదులు నేటికీ ఉన్నాయి. అయినా పౌరసత్వం దక్కినవారిని కొట్టూ తోటా వదిలి ఓడెక్కమని అనలేదు. పెరాక్‌లోని బాగన్ దాతో కొబ్బరి తోటలకు వెళ్ళిన తెలుగు కుటుంబాల వారసులు ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

జవాబు: రాజమహేంద్రవరం అధ్యాపకుడు

ఒప్పుకుంటున్నాను. నేను రాసినదాంట్లో ఆ భూముల సంగతి లేకపోవడం లోపమే. అమ్మాయిగారూ, ఒక చిన్న మనవి. బర్మాలో పరదేశీయులు నమోదు పుస్తకం ఒకటి దగ్గర పెట్టుకోవలసి వచ్చేది. మీ ట్రంకు పెట్టెలో అటువంటిదేమైనా ఉందేమో వీలైతే చూడండి.

జవాబు: యానాం

పౌరసత్వం కాగితం సంగతి మా ఊరికి తెలిసినంతగా డెల్టాలో ఇంకెవరికీ తెలియదేమో. 1954లో యానాం భారతదేశం పాలనలోకి వచ్చినా, ఫ్రాన్స్‌తో ఒప్పందం చట్టరీత్యా అమలులోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. ఇక్కడ పుట్టిన ఫ్రెంచి జాతీయులు భారత పౌరులైపోతారనీ, వద్దనుకున్నవారు ఆరు నెలల్లోగా రాసి ఇస్తే ఫ్రెంచి జాతీయత నిలుపుకోవచ్చనీ అందులో ఉంది.

మా వీధిలో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. అన్నగారు ఫ్రెంచి సైన్యంలో పనిచేసినవారు కాబట్టి సంతకం పెట్టి ఇచ్చారు. తమ్ముడుగారికి అది అక్కరలేని పనిగా తోచింది. అన్నగారి పింఛను ఫ్రాంకుల్లో వచ్చేది, పిల్లలు పారిస్ చేరారు. తమ్ముడుగారి పిల్లలు సావిత్రినగర్ రేవులో వలలు బాగుచేసుకుంటూ ఉండిపోయారు. ఇద్దరిదీ ఒకే పెరటి గోడ, గోడకు అటు మేడ, ఇటు తాటాకు చూరు. ఒక్క సంతకం ఇన్ని తరాల మీద పనిచేయడం నేను కళ్ళారా చూశాను.

కానీ దీన్ని దేశ సంపదకు రుజువుగా తీసుకోకండి. ఆ కాగితం ఒక ఇంటిని పైకి తెచ్చింది, యానాం ఊరిని తేలేదు. గీత ఉన్నచోట గీతకు సరిపడే బేరం మాత్రం పుడుతుంది. బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం 1930లో అమలులోకి వచ్చి బాల్య వివాహాలు నేరమయ్యాక, జనం పడవలెక్కి వచ్చి ఫ్రెంచి యానాంలో పెళ్ళిళ్ళు చేసుకునేవారు. ఊరికి కళ్యాణపురం అన్న పేరు వచ్చింది. సన్నాయి వారికీ వంటవారికీ చేతినిండా పని. ఆ పని పక్క ఊరి చట్టం వల్ల వచ్చిందే కానీ మా ఊళ్ళో కొత్తగా పండినదేమీ లేదు.

జవాబు: ఆకివీడు దగ్గర కౌలు రైతు

నేను డిగ్రీ వరకు చదివి, ఆరు ఎకరాలు కౌలుకు చేస్తున్నాను. మీరందరూ పౌరసత్వం లేనివారి సంగతి రాశారు. పౌరసత్వం పుట్టుకతో వచ్చిన మాకు కూడా మేము దున్నే చేను విషయంలో నిలకడ లేదని గమనించమని కోరుతున్నాను.

2019లో రాష్ట్రంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కౌలు రైతుకు 11 నెలలకు కార్డు ఇస్తారు, దానితో పంట రుణం, బీమా దక్కుతాయి. అయితే దాని మీద భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని వారి భయం. నేను చేసే చేను యజమానిగారి అబ్బాయి అమెరికాలో ఉన్నారు. ఆ దేశం ఉద్యోగాల కోటాలో గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000 ఇస్తుంది. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతానికి మించకూడదన్న నియమం వల్ల మనవాళ్ళ వరస ఎన్నేళ్ళకూ కదలడం లేదు. అక్కడ స్థిరపడతానో లేదో ఆయనకు తెలియదు కాబట్టి ఇక్కడి చేను అమ్మరు, నాకు కాగితమూ ఇవ్వరు. నేను బోదె పూడిక తీయించాలన్నా, గట్టు ఎత్తు చేయించాలన్నా వచ్చే ఏడాది ఈ చేను నాదో కాదో అని ఆగిపోతాను. ఇలా ఆగిపోయిన పెట్టుబడి ఎన్ని వేల ఎకరాల్లో ఉందో మాస్టారు వంటివారు లెక్కకట్టాలి.

విధానాల సంగతి కూడా అంతే. 2008 నుంచి 2011 సెప్టెంబరు దాకా బాస్మతి కాని బియ్యం ఎగుమతిని కేంద్రం ఆపేసింది. ధాన్యం ధర లేక, మురుగు కాల్వలు పూడిపోయి, 2011 సార్వాకు కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. మళ్ళీ 2023 జూలైలో తెల్ల బియ్యం ఎగుమతి ఆపి 2024 సెప్టెంబరులో వదిలారు. పట్నాల్లో బియ్యం ధర పెరగకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ నారు పోసేటప్పుడు ఒక నియమం, కోతకు ఇంకో నియమం ఉంటే ఎవరు ధైర్యంగా మదుపు పెడతారు? మాస్టారు బర్మా రైతు తిండికి సరిపడా పండించి ఊరుకున్నాడని రాసినప్పుడు నాకు ఆ రైతు చాలా దగ్గరివాడిగా అనిపించాడు.

ప్రశ్న అడిగిన పాఠకురాలు

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మా మేనమామగారికి ఈ చర్చ అంతా చదివి వినిపించాను. ఆకివీడు గారు రాసినదాన్ని ఆయన రెండుసార్లు చదివించుకున్నారు. మా పొలం చేసే కౌలుదారుకు ఈ ఏడు కార్డు కాగితం మీద సంతకం పెడతానని అన్నారు.

మాస్టారూ, మీరు చెప్పినట్టు నిన్న పెట్టె దింపించాను. నానమ్మ పట్టుచీర అడుగున, నూనెగుడ్డలో చుట్టి, అరచేయంత పుస్తకం దొరికింది. మొదటి పుటలో తాతగారి ఫొటో, దాని మూల మీద ముద్ర. లోపల ఏటేటా రుసుము కట్టినట్టు వరసగా ముద్రలు, కొన్ని ఊదా రంగువి, కొన్ని నలుపువి, ఒక్క ఏడాది కూడా తప్పలేదు. బర్మా లిపి నాకు చదవడం రాదు, కానీ పుట్టిన ఊరు రాయవలసిన చోట కింద ఇంగ్లీషులో రంగూన్ అని ఉంది. ఆఖరి ముద్ర 1964వ సంవత్సరానిది. ఆ తరువాతి పుటలు ఖాళీ.