సపోర్ట్ ప్రాజెక్టులో టీమ్ లీడ్‌గా చేసిన ఏళ్ళు పీఎంపీకి చెల్లుతాయా?

మియాపూర్_మధు

అందరికీ నమస్తే. బీటెక్ తర్వాత ఐటీలోనే ఉన్నాను. మొదట్లో డెవలప్‌మెంట్, చివరి నాలుగేళ్ళూ ఒక బ్యాంకింగ్ క్లయింటుకి ప్రొడక్షన్ సపోర్ట్. పదకొండు మంది టీముకి లీడ్‌ని. షిఫ్ట్ రోస్టర్ వెయ్యడం, ఎస్‌ఎల్‌ఏ (క్లయింటుకి ఒప్పుకున్న గడువులు) తప్పకుండా చూడ్డం, వారం వారం క్లయింట్ కాల్, టీమ్‌లో పిల్లల అప్రైజల్స్, ఇవీ నా పనులు. మధ్యలో పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మార్చే మైగ్రేషన్లు రెండు చేశాం.

పీఎంపీ (ప్రాజెక్టులు నడిపేవాళ్ళకిచ్చే సర్టిఫికేట్) రాద్దామని అమీర్‌పేటలో ఒక కోచింగ్ వాళ్ళని కలిశాను. 35 గంటల క్లాసు చెప్పి సర్టిఫికేట్ ఇస్తారు, సరే. అప్లికేషన్ కూడా వాళ్ళే నింపుతారట. "మీ కంపెనీ పేరు, తేదీలు ఇవ్వండి సార్, మిగతాది మా దగ్గర రెడీగా ఉంది" అన్నారు. చూపించిన శాంపిల్‌లో నేను జన్మలో చూడని ప్రాజెక్ట్ చార్టర్ (ప్రాజెక్టు మొదలుపెట్టే పత్రం) నేనే రాసినట్టు, స్టేక్‌హోల్డర్ రిజిస్టర్ (సంబంధం ఉన్నవాళ్ళ జాబితా) నేనే తయారుచేసినట్టు ఉంది. మా రూమ్మేట్ ఆ దారిలోనే వెళ్ళి పాసయ్యాడు. "అందరూ రాసేదే కదరా, నువ్వేమన్నా హరిశ్చంద్రుడివా" అంటాడు.

నేనడిగేది రెండు ముక్కలు. ఈ నాలుగేళ్ళూ లెక్కలోకి వస్తాయా? రాకపోతే, వచ్చేట్టు రాయడం తప్పా?

కూకట్‌పల్లి_కార్తీక్

ఎక్కువ ఆలోచిస్తున్నావు బ్రో. హోదాలో మేనేజర్ అని ఉండక్కర్లేదు, పని నడిపి ఉంటే చాలని ఆ పరీక్ష పెట్టే పీఎంఐ వాళ్ళే అంటున్నారు. పదకొండు మందిని నడిపావు కదా! మా దగ్గర ప్రాజెక్ట్ మేనేజర్ అని బోర్డున్న ఆయన పొద్దున్నే ఎక్సెల్ షీట్ పంపి 'ప్లీజ్ అప్‌డేట్' అంటాడు, సాయంత్రం అదే షీట్ మళ్ళీ పంపి 'జెంటిల్ రిమైండర్' అంటాడు. ఆయన అర్హుడూ, నువ్వు కాదూ?

కోచింగ్ వాళ్ళ దగ్గరున్నది ఒక ఫార్మాట్, అంతే. పీఎంఐ భాషలో లేకపోతే అప్లికేషన్ తిప్పి కొడతారు. రెజ్యూమెలో నాలుగు మాటలు పెంచి రాయనివాడు ఎవడున్నాడు? అసలు వడపోత పరీక్షలోనే ఉంది. 180 ప్రశ్నలు, దాదాపు నాలుగు గంటలు. అది దాటినవాణ్ణి ఇంకేం అడగాలి?

లలిత_పీఎంవో

మధు గారూ, కార్తీక్ గారు చెప్పినదాంట్లో మొదటి మాట నిజమే, హోదా అక్కర్లేదు. నాలుగేళ్ళ డిగ్రీ ఉన్నవాళ్ళు 36 నెలలు, డిప్లొమా వాళ్ళయితే 60 నెలలు ప్రాజెక్టులు నడిపి ఉండాలి. మీకొచ్చిన చిక్కు హోదా గురించి కాదు, మీరు నడిపింది ప్రాజెక్టేనా అన్నదాని గురించి.

మన ఆఫీసుల్లో బిల్లింగ్ కోడ్ ఉన్న ప్రతిదీ ప్రాజెక్టే. పీఎంఐ లెక్క వేరు. దానికొక మొదలూ ఒక చివరా ఉండాలి, చివర్లో అంతకుముందు లేనిదేదో చేతికి రావాలి. టికెట్లు వస్తాయి, మూస్తారు, రేపు మళ్ళీ వస్తాయి. అది ఆపరేషన్స్. రోస్టర్లూ, ఎస్‌ఎల్‌ఏలూ, నెలాఖరు బ్యాచ్ జాబ్ ఆగిపోతే రాత్రంతా బ్రిడ్జ్ కాల్ మీద కూర్చోవడమూ అందులోకే వస్తాయి. అది తక్కువ పనని నేననను. సపోర్ట్‌లో నలిగినవాళ్ళకున్న ఓర్పు డెవలప్‌మెంట్ వాళ్ళలో నేను పెద్దగా చూడలేదు కూడా. కానీ ఈ అప్లికేషన్‌లో దానికి చోటు లేదు.

అయితే సపోర్ట్ అకౌంట్లో కూడా ప్రాజెక్టులు దాక్కుని ఉంటాయి, వాటిని వెతకండి. మీ రెండు మైగ్రేషన్లూ నిస్సందేహంగా వస్తాయి. అకౌంట్ మీ కంపెనీ చేతికొచ్చినప్పుడు పాత వెండర్ నుంచి పని అప్పజెప్పించుకున్న ట్రాన్సిషన్ మీరు నడిపారా? దానికి తేదీలుంటాయి, ఏ తేదీకి ఏ అప్లికేషన్ మీ చేతికొస్తుందన్న ప్లాన్ ఉంటుంది, క్లయింట్ సైన్ ఆఫ్ ఉంటుంది. చక్కటి ప్రాజెక్టు అది, చాలామంది రాయడం మర్చిపోతారు. డేటాబేస్ వెర్షన్ అప్‌గ్రేడ్, కొత్త మానిటరింగ్ టూల్ పెట్టడం, ఆడిట్‌లో బయటపడ్డ లోపాలను గడువులోగా సరిచెయ్యడం, ఇలాంటివి ఏవైనా మీరు ముందుండి నడిపారా చూడండి. డెవలప్‌మెంట్‌లో మాడ్యూల్ లీడ్‌గా ఉన్న కాలం మరీ పాతది కాకపోతే అదీ తీసుకోండి. ఒకే నెలలో రెండు నడిపినా ఒక నెలే లెక్క.

చెల్లెలి పెళ్ళి, కాలేజీ ప్రాజెక్టు చెల్లవు. అడిగినవాళ్ళున్నారు కాబట్టి చెప్తున్నా.

రెండో ప్రశ్నకి నా జవాబు: తప్పే.

దోహా_సివిల్

ఐటీ వాళ్ళ గొడవ చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతోందండీ. గల్ఫ్‌లో కన్‌స్ట్రక్షన్ ఉద్యోగాల ప్రకటన చూడండి, ప్రాజెక్ట్ మేనేజర్ పోస్టు అంటే పీఎంపీ ఉండాలని చాలా వాటిల్లో రాసే ఉంటుంది. నేను కాకినాడలో డిప్లొమా చేసి వచ్చినవాణ్ణి. 60 నెలలు చూపించాలి. సైటు మారినప్పుడల్లా మేనేజర్లు మారిపోయారు, ఒకాయన మనీలా వెళ్ళిపోయాడు, ఒకాయన రిటైరై కైరోలో ఉన్నాడు. అందర్నీ వెతికి పట్టుకుని, ఫలానా పని నేను నడిపానని మీరు ఒప్పుకుంటారా అని అడిగి మరీ రాశాను. ఇక్కడేమో 'తేదీలివ్వండి సార్, మిగతాది రెడీ' అంట!

ఎండలో ఐదేళ్ళు నిలబడి సంపాదించిన మూడక్షరాలూ, అమీర్‌పేటలో ఏసీ గదిలో నింపించుకున్న మూడక్షరాలూ హెచ్‌ఆర్ వాడికి ఒకేలా కనపడతాయి. నా బాధ అదీ.

వంశీ_హన్మకొండ

కార్తీకన్నా, ఎగ్జామే వడపోత అంటున్నవ్ గని, అది పట్టేది అనుభవాన్ని గాదు. మా ఆఫీసుల ఇరవై ఏండ్ల సర్వీసున్న సారు ఫెయిలైండు. ఆయన కింద పనిజేసే పోరడు మూడు డొమైన్లల 'అబవ్ టార్గెట్' కొట్టిండు. ఎట్లంటవా? సారు ఆఫీసుల ఏం జేస్తడో అదే టిక్ పెట్టిండు.

ఒక ప్రశ్న చెప్త. క్లయింట్ మేనేజర్ సీదా మన డెవలపర్‌కు ఫోన్ జేసి చిన్న మార్పు జెయ్యమన్నడు, ఆయన మొదలువెట్టిండు. నువ్వేం జేస్తవ్? మన దగ్గరైతే "కానీ, రిలీజుల కలిపేద్దాం" అంటం. క్లయింట్ ఖుష్, మనం ఖుష్. ఎగ్జాంల అది తప్పు. ప్లాన్ ప్రకారం నడిచే ప్రాజెక్టయితే ఆ మార్పుతోని టైముకు, ఖర్చుకు ఏమైతదో ముందు చూసి చేంజ్ రిక్వెస్ట్ పెట్టాలె. ఎజైల్ (చిన్న చిన్న ముక్కలుగ చేసుకుంట పోయే పద్ధతి) అయితే ప్రొడక్ట్ ఓనర్ దగ్గరికి పంపాలె, బ్యాక్‌లాగుల, అంటే చెయ్యాల్సిన పనుల లిస్టుల, ఎక్కడ పెట్టాల్నో ఆయన చూసుకుంటడు. ప్రశ్నల స్ప్రింట్ (ఎజైల్ మాట) అని ఉన్నదా, బేస్‌లైన్ (ప్లాన్ పద్ధతి మాట) అని ఉన్నదా చూసినంకనే ఆప్షన్లు చదువాలె. ఇంకోటి, గొడవైతే స్పాన్సర్ దగ్గరికి ఉరుకుడు, మనిషిని టీంల నుంచి తీసేసుడు అనే ఆప్షన్లు దాదాపు ఎప్పుడూ తప్పే. ముందు కూసోబెట్టి మాట్లాడాలె. మన మేనేజర్లకు గదే రాదు.

పీఎంఐ గైడు పుస్తకం పీఎంబాక్ ఆరో ఎడిషన్ల ఉన్న 49 ప్రాసెస్‌లు బట్టీ కొట్టిచ్చే కోచింగులు ఇంకా ఉన్నయ్. 2021ల వచ్చిన ఏడో ఎడిషనే ఆ తొవ్వ ఇడిచిపెట్టి 12 సూత్రాల మీదికి వచ్చింది. అదే ఏడు జనవరిల సిలబస్ మారినప్పుడే సగం దాక ఎజైల్, హైబ్రిడ్ (రెండు పద్ధతులు కలిపిన) ప్రశ్నలైనయ్. లెక్కలు బహు తక్కువ. సీపీఐ ఒకటికి తక్కువుంటే ఖర్చు మీరింది, ఎస్‌పీఐ ఒకటికి తక్కువుంటే పని ఎనుకబడ్డది, గంత తెలిస్తే మస్తు. నాలుగు గంటలు కదలకుండ కూసొని మాక్ టెస్ట్ రాసుడే అసలు పని. మధ్యల పది నిమిషాల బ్రేకులు ఇస్తరు. బ్రేకుకు పోయినంక ఎనుకటి ప్రశ్నలకు మళ్ళ పోనియ్యరు, యాదుంచుకో.

కూకట్‌పల్లి_కార్తీక్

వంశీ నా మాటే చెప్తున్నాడు చూడండి! ఇరవై ఏళ్ళ సారు ఫెయిల్, కుర్రాడు పాస్. మరి పరీక్షకే పనికిరాని అనుభవాన్ని అప్లికేషన్‌లో అడగడం ఎందుకు? సభ్యత్వానికి డబ్బు, పరీక్షకి డబ్బు, పాసయ్యాక మూడేళ్ళకోసారి 60 పీడీయూలు (చదువు గంటల లెక్క), రెన్యువల్‌కి మళ్ళీ డబ్బు. వాళ్ళదొక వ్యాపారం. వ్యాపారి పెట్టిన గేటుకి మనం కొబ్బరికాయ కొట్టాలా?

దోహా అన్నా, మీ కష్టం మీద గౌరవం ఉంది. కానీ నేను పడ్డాను కాబట్టి అందరూ పడాలి అంటే ఎలా?

లలిత_పీఎంవో

ఫీజుల సంగతి ఒప్పుకుంటాను. మన జీతాలతో చూస్తే భారమే, కంపెనీ తిరిగి ఇవ్వకపోతే నేనూ రాసేదాన్ని కాదు.

అనుభవం సంగతి మాత్రం మీరు తలకిందులుగా చదువుతున్నారు. పరీక్ష అనుభవాన్ని కొలవలేదని వంశీ గారు చక్కగా చూపించారు. అది కొలిచేది పద్ధతి తెలుసా లేదా అని. ఎదురుగా కోప్పడే క్లయింట్, సెలవు పెట్టిన టెస్టర్, ఆగిపోయిన సర్వర్ మూడూ ఒకే రోజు వస్తే ఆ పద్ధతిని ఎంతవరకు పట్టుకుని నిలబడ్డావన్నది నాలుగు ఆప్షన్లలో తేలదు. అలా నిలబడ్డాడని ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పే చోటు అప్లికేషనే. అక్కడ కూడా అచ్చు పోసిన చార్టర్లూ రిజిస్టర్లూ అతికిస్తే, ఆ మూడక్షరాల వెనక ఇక మిగిలేది మాక్ టెస్టులు బాగా రాశాడన్న వార్త ఒక్కటే.

నేను ఇంటర్వ్యూలు చేస్తుంటాను. పీఎంపీ ఉన్నవాళ్ళని ఒక్కటే అడుగుతాను: మీ రిస్క్ రిజిస్టర్‌లో (రాబోయే చిక్కుల జాబితాలో) రాసుకున్నది ఏదైనా నిజంగానే జరిగిందా, ఆ రోజు ఏం చేశారు? నడిపినవాళ్ళకి కథ పొంగుకొస్తుంది, ఒక్కోసారి ఆపాల్సి వస్తుంది. శాంపిల్ అతికించినవాళ్ళు నిర్వచనం అప్పజెప్తారు. ఆ తేడా తెలియడానికి ఐదు నిమిషాలు చాలు.

మధు గారూ, నెలలు నిండకపోతే దారి లేకపోలేదు. పీఎంఐ వాళ్ళదే సీఏపీఎం అని కొత్తవాళ్ళ సర్టిఫికేట్ ఉంది, దానికి అనుభవమే అక్కర్లేదు. 23 గంటల చదువు, 150 ప్రశ్నలు, మూడు గంటలు. అది ఉంటే రేపు పీఎంపీకి 35 గంటల క్లాసు చూపించక్కర్లేదు కూడా.

న్యూజెర్సీ_నాని

నేను పీఎంఐ వాళ్ళ అప్లికేషన్ ఆడిట్‌లో పడ్డవాణ్ణి, కాబట్టి చెప్తాను. ఎవరికొస్తుందో ముందు తెలియదు. డిగ్రీ కాపీ, 35 గంటల సర్టిఫికేట్, ఇంకా ప్రతి ప్రాజెక్టుకీ నేను పేరిచ్చిన పై అధికారి ధ్రువీకరణ పంపాలి. గడువు 90 రోజులు. ఇక్కడ కీలకం ఒకటుంది. నేను ఏం రాశానో ఆయన చదివి, అవును ఇది నిజం అనాలి. మధు అన్నా, మీ మేనేజర్ ఆ శాంపిల్ చదివితే ఏమంటాడో ఒక్కసారి ఊహించుకోండి. సర్టిఫికేట్ వచ్చాక కూడా ఆడిట్ చేసే హక్కు వాళ్ళు అట్టిపెట్టుకున్నారు.

అమెరికాలో మనవాళ్ళ రెజ్యూమెల మీద ఉన్న అనుమానం సంగతి ఇక్కడ అందరికీ తెలిసిందే. నిజంగా చేసినవాడు కూడా రెండు ప్రశ్నలు ఎక్కువ మొయ్యాలి. ఆ బరువు కొంత ఇలాంటి శాంపిల్సే పెట్టాయి.

ఇంకో మాట. మీకు కావాల్సింది స్క్రమ్ మాస్టర్ (ఎజైల్ టీమ్‌కి దారి చూపే మనిషి) ఉద్యోగమైతే పీఎంపీ దాకా ఎందుకు? పీఎస్‌ఎం 1 రాయండి. గంటలో 80 ప్రశ్నలు, 85 శాతం రావాలి, అనుభవం ఎవరూ అడగరు.

దోహా_సివిల్

సంతకందేముందండీ, స్నేహితుడి మెయిల్ ఇచ్చి మేనేజరని చెప్పేవాళ్ళు లేరా? ఆడిట్ అంటే భయం ఉన్నవాణ్ణే ఆపుతుంది.

కార్తీక్ గారూ, అందరూ పడాలనట్లేదు. పడనివాళ్ళు పడ్డామని రాయకూడదంటున్నా, అంతే.

మియాపూర్_మధు

అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి కూర్చుని పాత మెయిల్స్ అన్నీ తవ్వాను. రెండు మైగ్రేషన్లు, లలిత మేడం చెప్పినట్టు పాత వెండర్ నుంచి ట్రాన్సిషన్ (అది నేనే నడిపాను, కానీ ఎప్పుడూ లెక్కలో వేసుకోలేదు), డెవలప్‌మెంట్‌లో ఒక రిలీజ్. అన్నీ కలిపినా 36కి ఇంకా కొన్ని నెలలు తక్కువే. రోస్టర్ ఏళ్ళు తీసేస్తే ఇంత చిక్కిపోతుందని అనుకోలేదు. వచ్చే త్రైమాసికంలో డిజాస్టర్ రికవరీ సైట్ మార్పు ఉంది, అది నాకిమ్మని మేనేజర్‌ని అడిగాను. చూద్దాం అన్నాడు.

కూకట్‌పల్లి_కార్తీక్

ఈలోగా ప్రమోషన్ సైకిల్ అయిపోతుంది, మీ రూమ్మేట్ మీ మీద మేనేజరవుతాడు. ఎవరిష్టం వాళ్ళది బ్రో. నా అభిప్రాయం మారలేదు.

లలిత_పీఎంవో

'చూద్దాం' దగ్గర ఆగకండి మధు గారూ. ప్లాన్ ఒక పేజీ మీరే రాసి ఆయన ముందు పెట్టండి, చాలాసార్లు పని అలాగే చేతికొస్తుంది. ఈలోపు ట్రాన్సిషన్ గురించి ఇప్పుడే రాసి పెట్టుకోండి: ఎందుకు చేశారు, మీరేం నిర్ణయించారు, చివరికి ఏం తేలింది. ప్రతి ప్రాజెక్టుకీ కనీసం 200 పదాలు, 500 దాటకూడదు. అప్పటి మేనేజర్ కంపెనీ మారేలోపే చూపించండి.

వంశీ_హన్మకొండ

మధన్నా, ఆ కోచింగోళ్ళకు పైసలు గిట్ల కట్టినవా?

మియాపూర్_మధు

క్లాసుకి కట్టేశాను తమ్ముడూ. అప్లికేషన్ నేనే నింపుకుంటా, ఆ మేరకు తగ్గించండి అంటే, అది ప్యాకేజీలో ఫ్రీ సార్, తగ్గించడానికేం ఉండదన్నారు.