1995కి ముందు ఇంటర్నెట్‌లో వ్యాపారం చేస్తే నేరమా?

సంధ్య: అందరికీ నమస్కారం. బీటెక్ సెమినార్ కోసం "1995 దాకా ఇంటర్నెట్‌లో వ్యాపారం చట్టరీత్యా నేరం" అని రాశాను. మా సార్ ప్రింటవుట్ మీద ఎర్రపెన్నుతో గీత కొట్టి, పక్కన "ఏ చట్టం?" అని రాశారు. ఎంత వెతికినా దొరకట్లేదు. సోమవారం మళ్లీ చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

రఘురామ్: దొరకదమ్మా, అలాంటి చట్టం ఉంటేగా! ఉన్నది ఒక నెట్‌వర్క్ పెట్టుకున్న వాడకం నియమం. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచిన ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ అప్పట్లో యూనివర్సిటీల నెట్‌వర్క్‌లను కలిపే వెన్నెముక, అంటే ప్రధాన లైను. పరిశోధనకూ చదువుకూ ఇచ్చిన సర్కారు సొమ్ము కాబట్టి, ఆ లైన్ల మీద అవే నడవాలన్నారు. ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ మీదుగా పోకుండా నీ ప్రైవేటు లైన్ల మీద నువ్వు ఏం అమ్ముకున్నా వాళ్లకు పట్టదు. నియమం చదివితే నవ్వొస్తుంది: పరిశోధనకో బోధనకో పనికొచ్చే కొత్త సరుకు వచ్చిందని కబురు పెట్టొచ్చట, ప్రకటన మాత్రం ఏ రకమైనదీ కూడదట. కబురు ఎక్కడ ఆగి ప్రకటన ఎక్కడ మొదలవుతుందో ఎవరు తేల్చాలి?

భాస్కర్: నాకు అనుభవమే. 1993లో అక్కడ ఎంఎస్ చేస్తూ, పాత టొయోటా అమ్ముతానని న్యూస్‌గ్రూప్‌లో (అప్పటి ఆన్‌లైన్ చర్చా వేదిక) పెట్టాను. ల్యాబ్ అడ్మిన్ పిలిచి, "ఒక్క కారుకు పర్లేదు, రెండోది పెడితే అకౌంట్ తీసేస్తా" అన్నాడు.

సంధ్య: థాంక్యూ అండీ. మరి కంపెనీలు ఎలా లోపలికొచ్చాయి?

రఘురామ్: మొదట ప్రయోగం పేరుతో. 1989లో, ఇంటర్నెట్ రూపకర్తల్లో ఒకరైన వింట్ సర్ఫ్ అనుమతి తెచ్చుకుని, ఎంసీఐ అనే టెలిఫోన్ కంపెనీ డబ్బులు తీసుకుని నడిపే ఈమెయిల్ సేవ ఎంసీఐ మెయిల్‌ను ఇంటర్నెట్‌కు కలిపారు. 1991లో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే పీఎస్‌ఐనెట్, యూయూనెట్, సెర్ఫ్‌నెట్ కలిసి సీఐఎక్స్ అనే కూడలి పెట్టుకున్నాయి. ఆ నియమంతో పని లేకుండా ఒకరి ట్రాఫిక్ ఒకరికి అప్పజెప్పుకోవడానికి. ఈలోపు ఐబీఎం, ఎంసీఐ, మెరిట్ (మిషిగన్ యూనివర్సిటీల నెట్‌వర్క్ సంస్థ) కలిసి పెట్టిన ఏఎన్‌ఎస్ అనే సంస్థ, ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్‌ను మోసే లైన్ల మీదే వ్యాపార కనెక్షన్లూ అమ్మడం మొదలుపెట్టింది. జనం సొమ్ముతో వాళ్లకొక్కరికే మేలా అని పోటీదారులు గొడవకు దిగారు, న్యాయమైన గొడవే. 1992లో చట్టం సవరించి, పరిశోధనకు, చదువుకు మేలు జరిగేట్టయితే ఇతర వాడకాలున్న నెట్‌వర్క్‌లకూ ఫౌండేషన్ సాయం చేయొచ్చన్నారు. మీ సార్‌కు చట్టమే కావాలంటే ఇది చూపించు. కాకపోతే ఇది ఆపిన చట్టం కాదు, తలుపు తీసిన చట్టం. 1995 ఏప్రిల్ 30న ఆ వెన్నెముకనే ఆపేశారు.

భాస్కర్: మన దగ్గర కూడా దాదాపు అదే కథ. 1986లో మొదలైన ఎర్నెట్ అనే చదువు, పరిశోధనల నెట్‌వర్క్ ఐఐటీలు, ఐఐఎస్సీ లాంటి చోట్లకే. మామూలు జనానికి అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న అందింది.

సంధ్య: ఇలా మార్చాను, చూడండి: "1995కి ముందు ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ మీదుగా వ్యాపార వాడకానికి అనుమతి లేదు."

రఘురామ్: "అనుమతి లేదు" ముందు "సాధారణంగా" అని చేర్చు. లేకపోతే ఈసారి ఎంసీఐ మెయిల్ సంగతేంటని రాస్తారు.