షాపు టాలీకి, బిడ్డ చదువుకు కలిపి ఒకటే కంప్యూటర్: డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా?

డిండి గట్టు (దేవరకొండ):

అందరికీ నమస్తే. దేవరకొండ దగ్గర మాకు చిన్న ఎరువుల షాపు ఉంది, కింద షాపు, పైన ఇల్లు. ఇన్నేళ్లూ లెక్కలన్నీ నోటుబుక్కులో రాసుకొని నెలాఖరుకు నల్లగొండలో అకౌంటెంట్ దగ్గరికి పట్టుకపోతే ఆయన టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి జీఎస్టీ రిటర్న్ వేసేవారు. మా పెద్దబిడ్డ నల్లగొండలోనే బీకాం కంప్యూటర్స్ రెండో సంవత్సరం, హాస్టల్‌లో ఉంటది. మొన్న ఇంటికొచ్చినప్పుడు నోటుబుక్కు తిరగేసి "నాన్నా, ఇవన్నీ నేనే ఎక్కిస్తా, నాకు టాలీ వచ్చు" అన్నది. ఆ మాట విన్నప్పటి నుంచి కంప్యూటర్ తేవాలని గట్టిగా అనుకున్న.

బడ్జెట్ 50 వేలు. వానాకాలం స్టాక్‌కు పైసలు కావాలి కాబట్టి అంతకు మించి పెట్టలేను. అడిగినోళ్లు తలా ఒకటి చెప్తున్నారు. నల్లగొండలో షాపాయన 42 వేలకు కొత్త ల్యాప్‌టాప్ చూపించాడు, ఐ3, 8 జీబీ ర్యామ్, సన్నగా చూడ్డానికి బాగుంది. హైదరాబాద్‌లో ఉండే మా బామ్మర్ది ఇంకో పదివేలు వేసి ఆపిల్ వాళ్ల చిన్న డెస్క్‌టాప్ మాక్ మినీ కొను బావా, పదేళ్లు చూడక్కర్లేదు అంటడు. పక్క షాపాయన కొడుకు విడిభాగాలు కొని అసెంబుల్డ్ డెస్క్‌టాప్ కట్టిస్తా అంటున్నడు. బిడ్డ ఫ్రెండ్ దగ్గర క్రోమ్‌బుక్ (విండోస్ బదులు గూగుల్ సిస్టమ్‌తో నడిచే ల్యాప్‌టాప్) ఉందట, 20 వేల లోపే వచ్చిందట.

పని ఏంటంటే టాలీ, జీఎస్టీ పోర్టల్, బిల్లులు ప్రింటు తీయడం (యూరియా అమ్మే పీఓఎస్ మిషన్ వేరే ఉంది, దానితో దీనికి సంబంధం లేదు). బిడ్డకు ఎక్సెల్, కాలేజీ ప్రాజెక్టు. చిన్నోడు ఇంటర్ ఎంపీసీ, ఈఏపీసెట్ కోసం ఆన్‌లైన్‌లో మాక్ టెస్టులు రాస్తడు. బిడ్డ శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం పొద్దున పోతది. ఇక్కడ గాలి లేస్తే చాలు కరెంటు పోతది, ఇన్వర్టర్ ఉంది. ఇది మా ఇంట్లో మొదటి కంప్యూటర్, తెలియక తప్పు కొంటానేమోనని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

సర్వీస్ టేబుల్ (నల్లగొండ):

అన్నా, పద్నాలుగేళ్లుగా కంప్యూటర్లు రిపేర్ చేస్తున్న. ముందు మీరు తేల్చుకోవాల్సింది డెస్క్‌టాపా ల్యాప్‌టాపా అని కాదు. ల్యాప్‌టాప్ కొన్నారనుకోండి, సోమవారం పొద్దున అది బిడ్డతో బస్సెక్కుతుందా, షాపులోనే ఉంటుందా? బిడ్డతో పోతే వారమంతా మీకు బిల్లు తీసే దిక్కు లేదు. షాపులో ఉంటే హాస్టల్‌లో బిడ్డ చేతులు ఖాళీ. చిన్నోడు టెస్టు రాసే టైముకు మీకు బిల్లు పడుతుంది. రెండు ఊళ్ల పని ఒక్క మిషన్ మీద పెడితే ఎవరికీ అందదు. నా దగ్గరికి వచ్చే ఇలాంటి ఇళ్లలో ఆరు నెలలకు ఇంకోటి అప్పు చేసి కొన్నవాళ్లను చూశాను.

ఇంకో ముఖ్యమైన సంగతి, టాలీ లైసెన్స్ లెక్కలో వేసుకున్నారా? ఒక్క కంప్యూటర్‌కు వాడే సిల్వర్ లైసెన్స్ పూర్తిగా కొంటే జీఎస్టీతో కలిపి 20 వేలు దాటుతుంది. నెలనెలా కట్టే అద్దె పద్ధతి కూడా ఉంది, మొదట అలా తీసుకోండి. బిడ్డ ప్రాక్టీస్‌కు లైసెన్స్ అక్కర్లేదు, ఎడ్యుకేషన్ మోడ్‌లో ఉచితంగానే నడుస్తుంది, కాకపోతే నెలలో 1, 2 లాంటి కొన్ని తేదీలకే ఎంట్రీ వేయనిస్తుంది. నేర్చుకోవడానికి అది చాలు, షాపు లెక్కలకు చాలదు.

అందుకని నేనైతే ఇట్ల చేస్తా. షాపులో కదలకుండా ఒక రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగు చేసి అమ్మే) చిన్న డెస్క్‌టాప్, బిడ్డకు సెకండ్ హ్యాండ్ ఆఫీస్ ల్యాప్‌టాప్. కంపెనీలు కొన్నేళ్లు వాడి తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి, మన డిక్షనరీ అంత డబ్బాలు. పోయిన నెల నేను ఒకాయనకు ఇప్పించిన లెక్క చెప్తా: ఐ5 ఎనిమిదో తరం, 16 జీబీ, 256 జీబీ ఎస్ఎస్‌డీ డబ్బా 17 వేలు, 22 అంగుళాల కొత్త మానిటర్ 7 వేలు, యూపీఎస్ 3 వేలు, కీబోర్డు మౌస్ వెయ్యి. 28 అయింది. మీకు 22 మిగులుతుంది, అందులో బిడ్డకు ల్యాప్‌టాప్ వస్తుంది.

ఒక్కదాని మీద మాత్రం కళ్లు పెట్టండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 అఫీషియల్‌గా నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి పైకి ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. ఆరో తరం, ఏడో తరం డబ్బాల్లో కూడా విండోస్ 11 అడ్డదారిలో ఎక్కించి అమ్ముతున్నారు, తెర మీద చూస్తే తేడా తెలియదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అక్కడ అబౌట్ తెరిచి ప్రాసెసర్ నంబర్ చదవండి. ఐ5-8500 అంటే ఎనిమిదో తరం, తీసుకోవచ్చు. ఐ5-7500 అని ఉంటే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

పాలమూరు ఎడిటింగ్ రూమ్ (మహబూబ్‌నగర్):

మాక్ మినీ వాడుతున్నవాణ్ణి కాబట్టి దాని గురించే చెప్తాను. పల్లె పాటల వీడియోలు ఎడిట్ చేస్తాను. 2024 చివర్లో వచ్చిన ఎం4 మోడల్, అప్పుడు ధర 59,900, బేస్ మోడల్‌లోనే 16 జీబీ ర్యామ్ ఉంటుంది. శబ్దం లేదు, వేడి లేదు, ఊరికే ఉన్నప్పుడు నాలుగైదు వాట్లు కూడా తాగదు, ఇన్వర్టర్ మీద పెట్టి కరెంటు పోయినా సినిమా అంత సేపు పని చేసుకుంటాను. వీడియో పనికి ఆ ధరలో నాకు ఇంతకన్నా మంచిది దొరకలేదు.

అయినా మీరు కొనవద్దు అన్నా. టాలీ మాక్‌లో నేరుగా ఎక్కదు. మాక్ లోపల ఇంకో విండోస్ నడిపించి చేసేవాళ్లు ఉన్నారు గానీ మొదటి కంప్యూటర్ కొనేవాళ్లకు ఆ తంటా ఎందుకు. పైగా దానికి మామూలు యూఎస్‌బీ రంధ్రం ఒక్కటీ లేదు, అన్నీ టైప్-సీ, మీ ప్రింటర్‌కు, పెన్‌డ్రైవ్‌కు అడాప్టర్ కొనాలి. ర్యామ్ తర్వాత పెంచుకునే వీలు లేదు. మానిటర్, కీబోర్డు, మౌస్ విడిగా కొనాలి, ఆ 59,900లో అవేవీ రావు. బామ్మర్ది చెప్పిన పదేళ్ల మాట తన పనికి నిజమే కావచ్చు. క్రోమ్‌బుక్ సంగతి కూడా అంతే, బ్రౌజర్‌లో చదువుకునే పిల్లలకు మంచిదే గానీ టాలీ దాని మీద ఎక్కదు.

మిర్యాలగూడ డీటీపీ:

సర్వీస్ తమ్ముడు చెప్పినదాంట్లో రెండు మిషన్ల మాట నిజం. పాత డబ్బా మాట దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. మాది రైస్ మిల్లుల ఊరు, డీటీపీ సెంటర్ పెట్టి పద్దెనిమిదేళ్లు. ఒకసారి పాత డబ్బా ఊరికే ఆగిపోతుంటే విప్పి చూశాను, ప్రాసెసర్ మీది ఫ్యాన్‌కు, దాని కింద హీట్‌సింక్ సందుల్లో ఊక దుమ్ము దూదిలా ముద్ద కట్టి గోరుతో పీకితే పొరలు పొరలుగా ఊడి వచ్చింది. ఎరువుల షాపులో దుమ్ము ఇంకా చెడ్డది, తేమకు కరిగి తుప్పు పట్టిస్తుంది. ఆ చిన్న డబ్బాల్లో అన్నీ ఇరుకుగా ఉంటాయి, పవర్ బోర్డు పోతే దాని మోడల్‌కు సరిపోయేదే వెతకాలి. కొత్త అసెంబుల్డ్ అయితే ఏ ముక్క పోయినా ఆ ముక్కే మార్చుకోవచ్చు, ఒక్కోదానికి విడిగా వారంటీ ఉంటుంది. ఐ3-12100 గానీ, రైజెన్ 5 5600జీ గానీ వేసుకోండి, రెండింట్లోనూ గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. ఐ3-12100ఎఫ్ అని చివర ఎఫ్ ఉన్నది తక్కువకు ఇస్తారు, అందులో గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు వేయకపోతే తెర మీద బొమ్మే రాదు. ఇది తెలియక మా పక్కాయన రెండుసార్లు తిరిగాడు.

మిషన్ ఏదైనా సరే నేల మీద పెట్టకండి, బస్తాల పక్కన అసలే పెట్టకండి. టేబుల్ మీద, గోడకు జానెడు దూరంగా పెట్టండి. లేజర్ ప్రింటర్ కొంటే దాని ప్లగ్గు యూపీఎస్‌కు పెట్టొద్దు, వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగి యూపీఎస్‌ను పడగొడుతుంది.

బిడ్డకు ఒక మాట చెప్పండి, తెలుగు యూనికోడ్‌లోనే (ఏ మిషన్‌లో తెరిచినా అక్షరాలు చదవగలిగే పద్ధతి) టైపింగ్ నేర్చుకోమనండి. నేను పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు కొట్టి బతికినవాణ్ణే, ఆ అక్షరాలంటే నాకు ప్రాణం. కానీ ఆ ఫైలు ఆ ఫాంట్లు లేని మిషన్‌లో తెరిస్తే ఒక్క అక్షరం చదవరాదు.

వనపర్తి టీచర్:

అన్నయ్యా, ల్యాప్‌టాప్ పాతది కొనేటప్పుడు నేను పడ్డ బాధ మీ బిడ్డ పడకూడదని రాస్తున్నాను. రెండేళ్ల కింద ఒక షాపులో 19 వేలకు తీసుకున్నాను. బ్యాటరీ నాలుగు గంటలు వస్తుందన్నారు, ఇంటికొచ్చి చూస్తే 35 నిమిషాలు. తిరిగి వెళ్తే బ్యాటరీకి వారంటీ లేదు మేడం అన్నారు. బిల్లు చివర చిన్న అక్షరాల్లో అదే రాసి ఉంది, నేను చదవలేదు. కొత్త బ్యాటరీకి మళ్లీ మూడున్నర వేలు.

తర్వాత మా స్కూల్లో కంప్యూటర్ సార్ నేర్పించారు. కొనేముందే షాపులో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషులో (powercfg /batteryreport) కొట్టాలి. అది ఒక ఫైలు తయారు చేస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ అంటే కొత్తలో ఎంత పట్టేదో, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు ఎంత పడుతోందో. మొదటిది 50 వేలు ఉండి రెండోది 20 వేలు చూపిస్తే ఆ బ్యాటరీ సగం కూడా మిగల్లేదని అర్థం. రెండో మిషన్ కొన్నప్పుడు అన్నీ ఇలాగే చూసి తీసుకున్నాను, థింక్‌ప్యాడ్ టీ480, ఇప్పటికీ రోజూ వాడుతున్నాను. కీబోర్డు మీద అన్ని అక్షరాలూ ఒక్కొక్కటి కొట్టి చూడమనండి, తెర తెల్లగా పెట్టి మచ్చలున్నాయేమో చూడమనండి. అమ్మాయిని కూడా తీసుకెళ్లండి, వాడేది తనే కదా.

డిండి గట్టు:

అందరికీ చాలా థ్యాంక్స్. లైసెన్స్ సంగతి నాకు అసలు తెలియదు, అది తెలియకుండా 42 వేల ల్యాప్‌టాప్ కొంటే ఇరుక్కుపోయేవాణ్ణి. రెండు మిషన్ల మాట రాత్రి ఇంట్లో చెప్తే మా ఇంటామె కూడా అదే మంచిది అన్నది. రెండు డౌట్లు ఉన్నాయి. ఇన్వర్టర్ ఉండగా యూపీఎస్ ఎందుకు? కొత్త అసెంబుల్డా, పాత డబ్బానా, ఇద్దరూ చెరొకటి చెప్పారు.

సర్వీస్ టేబుల్ (నల్లగొండ):

ఇన్వర్టర్ వెనకాల యూపీఎస్ అని, నార్మల్ అనో ఎకో అనో ఒక స్విచ్ ఉంటుంది చూడండి. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులోనే డెస్క్‌టాప్ ఆఫ్ అయిపోతుంది. యూపీఎస్ వైపు తిప్పితే చాలావరకు ఆగుతుంది, అయినా టాలీలో ఎంట్రీ సేవ్ అవుతున్నప్పుడు ఆగితే డేటా చెడిపోతుంది, అలా వచ్చినవాళ్లను నేను ఏటా చూస్తా. మూడు వేలకు చూసుకోవద్దు. ఎట్లయినా సరే రోజూ సాయంత్రం షట్టర్ వేసేముందు టాలీ బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో వేసుకొని అది పైకి ఇంట్లోకి తీసుకెళ్లండి.

డీటీపీ అన్న చెప్పిన దుమ్ము మాట నూటికి నూరుపాళ్లు నిజం, నా టేబుల్ మీద సగం కేసులు అవే. మామూలప్పుడైతే నేను కూడా కొత్తదే కట్టించమనేవాణ్ణి. కానీ 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఎస్ఎస్‌డీలు కూడా, కొత్తది కట్టిస్తే బిడ్డ ల్యాప్‌టాప్‌కు పైసలు మిగలవు. పాత డబ్బాలో ర్యామ్ దాంతోనే వస్తుంది. మూడు నెలలకొకసారి తీసుకురండి, బ్లోయర్ కొట్టి ఇస్తా.

మిర్యాలగూడ డీటీపీ:

ర్యామ్ రేటు మాట నిజమే తమ్మీ, మొన్న నేను కూడా ఒకటి అడిగి వెనక్కి వచ్చాను. సరే, డబ్బానే తీసుకోండి అన్నా, కానీ నాలుగు అంగుళాలు పెద్దదైనా టవర్ ఆకారంలో (నిలువుగా నిలబడే పెట్టె) ఉన్నది చూడండి, గాలి ఆడుతుంది, పవర్ సప్లై మార్చుకోవడం సులువు.

డిండి గట్టు:

ఈ ఆదివారం సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపులు ఉండే చోటు) షాపులు ఎన్ని తెరిచి ఉంటాయో తెలియదని బిడ్డ శనివారం కాలేజీ అయ్యాక నల్లగొండ నుంచే నేరుగా వస్తానన్నది, నేను ఇక్కడి నుంచి పొద్దున బస్సుకు పోతా. ఐ5-8500 అని, బ్యాటరీ రిపోర్ట్ కమాండ్ అని, చివర ఎఫ్ వద్దని, బిల్లు చివర చిన్న అక్షరాలు చదవాలని అన్నీ నోటుబుక్కు ఆఖరి పేజీలో రాసుకున్న. ఇన్వర్టర్ స్విచ్ ఇప్పుడే చూశాను, నార్మల్ మీద ఉంది, తిప్పేశాను.